గడపకు అటూ ఇటూ: పాతకాలపు చిప్పల శిలాజాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో ఎవరింట్లో అడుగుపెట్టినా కాలికింద నాపరాయే. అందుకే కాబోలు, నేను భూవిజ్ఞానం పాఠాలు చెప్తానని తెలియగానే జనం ముందు ఆ బండ గురించే అడుగుతారు. తర్వాత మాట మెల్లగా గుల్లలు, శంఖాల మీదికి మళ్లుతుంది. అక్కణ్ణించి రాక్షసబల్లులు పోయిన కాలానికి చేరుతుంది. కాలేజీలో, పెళ్లిళ్లలో, ఒకటి రెండుసార్లు పులివెందుల బస్సులో కూడా నన్నడిగిన ప్రశ్నలివి. కొన్నిటికి జవాబు ఒక్క మాటలో అయిపోతుంది. కొన్నిటికి కూర్చుని చెప్పాల్సిందే.

మా వరండా బండ మీద ఆకు అచ్చు ఉంది సార్. శిలాజమేనా?

కాదు. నిరాశపడకండి, వారానికొకరైనా ఫోన్‌లో ఈ ఫొటో పంపిస్తారు. మాంగనీసు, ఇనుము కలిసిన నీళ్లు రాతి పగుళ్లలోకి ఇంకి, ఆరిపోతూ వదిలిన మరకలవి. డెండ్రైట్లు అంటారు. గుర్తుపట్టడం సులువు. నిజమైన ఆకుకు నడిమి ఈనె ఉంటుంది, దానికి కాడ ఉంటుంది. ఇదేమో పగులు అంచున మొదలై లోపలికి కొమ్మలు కొమ్మలుగా పాకుతుంది. బేతంచెర్ల బండల మీద ఇవి మరీ అందంగా ఉంటాయి. బండ మార్చే పని మాత్రం పెట్టుకోకండి.

అయితే కడప, కర్నూలు రాళ్లలో చిప్పల శిలాజాలు ఎక్కడ దొరుకుతాయి?

దొరకవు. ఎంత వెతికినా దొరకవు. మన రాళ్లు అంత పాతవి.

పులివెందుల దగ్గర మన పొరల మధ్యకు చొచ్చుకొచ్చి గట్టిపడిన లావా రాయి ఒకటుంది. దాని వయసు సుమారు 188 కోట్ల ఏళ్లు. దానికన్నా కింద ఉన్న వేంపల్లె పొరలు అంతకంటే ముందువి. ఇక చిప్ప కట్టుకునే జంతువులు రాళ్లలో బాగా కనిపించడం మొదలయ్యేది కేంబ్రియన్ కాలంలో, అంటే 53.9 కోట్ల ఏళ్ల కిందట. అంతకు కాస్త ముందు క్లౌడినా అనే సన్నటి గొట్టం లాంటి జీవి ఒకటి కనిపిస్తుంది. మన వేంపల్లె రాయి ఏర్పడేనాటికి ఇవేవీ పుట్టలేదు.

అలాగని ఆ రాళ్లలో ప్రాణమే లేదని కాదు. వేంపల్లె సున్నపురాళ్లలో స్ట్రోమటోలైట్లున్నాయి. ఎర్రగడ్డను నిలువునా కోస్తే పొర మీద పొర కనిపిస్తుంది చూడండి, అచ్చం అలా ఉంటాయి. లోతు తక్కువ సముద్రంలో నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు జిగటగా చాపలా పరుచుకునేవి. వాటి మీద బురద పడేది. ఆ బురద మీద మళ్లీ చాప పెరిగేది. అలా ఏర్పడినవే ఈ పొరలు. మొదటిసారి చూసినప్పుడు నేనూ వాటిని చిప్పలే అనుకుని చేతికి తీసుకున్నాను.

గుల్లలే లేకపోతే ఇంత సున్నపురాయి ఎక్కణ్ణించి వచ్చింది? గుల్లసున్నం చేసేది గుల్లలతోనే కదా?

మంచి ప్రశ్న. దీన్ని మొదట అడిగింది ఒక సున్నం బట్టీ ఆయన, విద్యార్థులు కారు.

సముద్రపు నీళ్లలో సున్నం ఎప్పుడూ కరిగే ఉంటుంది. ఈ రోజుల్లో దాన్ని నీటినుంచి లాగేసేది ఎక్కువగా నత్తలు, ఆల్చిప్పలు, పగడాలు, కంటికి కనిపించని పాచిజీవులు. అవి లేని రోజుల్లో నీళ్లు వేడెక్కినప్పుడు, ఆవిరైనప్పుడు, సూక్ష్మజీవుల చాపలు నీటిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకున్నప్పుడు సున్నం తనంతట తానే అడుగున పేరుకునేది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలకు వెళ్లే నార్జి సున్నపురాయి అలాంటిదే. బెలూం గుహలు తొలిచింది కూడా ఆ రాతిలోనే. ఒక్క ఆల్చిప్ప సాయం లేకుండా ఇంత రాయి తయారైంది.

ఈ రాళ్లకు క్రమం పెట్టి 1872లో పెద్ద నివేదిక రాసినాయన విలియం కింగ్, భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో పనిచేశాడు. ఇప్పటికీ మేం వాడే పొరల పేర్లలో చాలావాటికి మూలం ఆయనే.

మరి చిప్పలు చూడాలంటే ఎటు పోవాలి?

మన రాష్ట్రంలోనైతే రాజమండ్రి వైపు. కాతేరు, గౌరీపట్నం, దుద్దుకూరు చుట్టూ నల్లరాయి క్వారీలున్నాయి. ఆ నల్లరాయి దక్కన్ లావా. పడమటి కనుమల వైపు పుట్టి, దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి, గోదావరి నోటి దగ్గర సముద్రాన్ని తాకింది. కింది లావాకు పై లావాకు మధ్య సున్నపు పొర ఒకటి ఇరుక్కుని ఉంది. అందులో ఆల్చిప్పలు, సన్న శంఖాలు ఉంటాయి. 19వ శతాబ్దంలోనే నాగపూర్‌లో ఉండిన స్టీఫెన్ హిస్లాప్ అనే మిషనరీ వీటిని చూసి, పేర్లు పెట్టి, 1860లో ప్రచురించాడు.

దక్షిణాదిలో ఇంకా గొప్ప చోటు తమిళనాడులోని అరియలూరు. అక్కడి శిలాజాల్ని 19వ శతాబ్దపు శిలాజ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ స్టోలిచ్కా వర్ణించాడు. ఆ సంపుటాలు తిరగేస్తే ఒక మనిషి ఇంత ఎలా చేశాడా అనిపిస్తుంది. బొమ్మలన్నీ చేత్తో గీసినవే.

‘హద్దు’ అంటారు కదా, అది రాతి మీద గీతలా కనిపిస్తుందా?

దేవుని కడపను తిరుమలకు గడప అంటారు. మన ఊరి పేరే అక్కణ్ణించి వచ్చిందని పెద్దలు చెప్తారు. గడప దాటితే ఇల్లు మారుతుంది, గోడ మాత్రం అదే. భూమి కాలాల మధ్య హద్దు కూడా అంతే. చాలాచోట్ల కింద రాయి, పైన రాయి ఒకేలా ఉంటాయి. మారేది లోపలున్న ప్రాణులే.

రాక్షసబల్లులు పోయింది క్రెటేషియస్ కాలం చివర. దానికీ, తర్వాతి పేలియోజీన్ కాలానికీ మధ్య హద్దు 6.6 కోట్ల ఏళ్ల కిందటిది. దానికి ప్రపంచం ఒప్పుకున్న గుర్తు ట్యునీషియాలోని ఎల్ కెఫ్ దగ్గరుంది. అక్కడ చేతిమందం కూడా లేని మట్టిపొరలో ఇరిడియం లోహం ఎక్కువగా ఉంది. ఆ ఇరిడియం ఆకాశం నుంచి పడిన పెద్ద ఉల్కతో వచ్చిందని 1980లో ఆల్వారెజ్ తండ్రీకొడుకులు తమ సహచరులతో కలిసి చెప్పారు. మనదేశంలో మేఘాలయలో ఉమ్ సోహ్రింకెవ్ నది ఒడ్డున అలాంటి పొర ఉంది.

రాజమండ్రిలో గీత వెతకొద్దు. రెండు లావాల మధ్య పొరలో దొరికిన సూక్ష్మజీవుల గుల్లల్ని చూసి, అది హద్దు దాటిన తొలినాళ్లదని గెర్టా కెల్లర్ బృందం 2008లో తేల్చింది. అంటే అక్కడ గడప దాదాపుగా కింది లావా పైభాగం దగ్గరుంది.

హద్దు దాటేసరికి ఎన్ని రకాల చిప్పలు పోయాయి?

క్రెటేషియస్ చివర మొత్తం జీవజాతుల్లో నాలుగింట మూడొంతులు పోయాయని సాధారణంగా చెప్తారు. సముద్రంలోని రెండు చిప్పల జీవుల (ఆల్చిప్ప వాటిలో ఒకటి) ప్రజాతుల్లో, అంటే దగ్గరి జాతుల గుంపుల్లో, సగానికి పైగా పోయాయి. ఈ రెండు చిప్పల జీవుల లెక్కను 1993లో డేవిడ్ రాప్, డేవిడ్ జబ్లాన్‌స్కీ ప్రపంచమంతా చూసి వేశారు. చల్లటి ధ్రువాల దగ్గర తక్కువ, వేడి సముద్రాల్లో ఎక్కువ అన్న తేడా వాళ్లకు కనిపించలేదు. రూడిస్టులు మాత్రం ఆ లెక్కలోకి రావు. కొమ్ములా నిలబడి గుట్టలు గుట్టలుగా పెరిగే ఆ వింత చిప్పలు వేడి సముద్రాల్లోనే ఉండేవి, పూర్తిగా పోయాయి.

ఎవరు మిగిలారు? ఎక్కువ చోట్ల పరుచుకున్న ప్రజాతులు మిగిలాయి. ఒకే తీరంలో ముడుచుకున్నవి పోయాయి. ఇది నాకు ఆశ్చర్యం కాదు. కరువు ఊళ్లో ఒకే పొలం ఉన్నవాడికి, నాలుగూళ్లలో నాలుగు చెక్కలున్నవాడికి తేడా మన అనంతపురం జిల్లా రైతును అడిగితే చెప్తాడు.

హద్దుకు కింద నలభై రకాలు, పైన పదిహేను రకాలు దొరికితే ఇరవై ఐదు పోయినట్టే కదా? లెక్కలో కష్టమేముంది?

ఈ ఒక్క ప్రశ్న కోసమే ఇవన్నీ రాశాననుకోండి. అట్లా తీసేయకూడదు.

సాయంత్రం ఏడురోడ్ల దగ్గర బొరుగుల బండివాడు పెద్ద గిన్నెలో బొరుగులు, బుడ్డలు, పుట్నాలపప్పు, ఎర్రగడ్డ ముక్కలు, కరివేపాకు, మిరపకాయ, కారప్పూస కలుపుతాడు. ఒక చెంచా తీస్తే మూడు రకాలొస్తాయి. ఒక పొట్లం తీస్తే ఏడూ వస్తాయి. గిన్నె మారలేదు, మీరు తీసిన మోతాదే మారింది.

రాళ్లలోనూ అదే జరుగుతుంది. లెక్క కోసం ఇలా అనుకుందాం. కింది పొరలో నాలుగు వందల చిప్పలు ఏరారు, నలభై రకాలు వచ్చాయి. పై పొరలో క్వారీ వాళ్లు తొందర పెట్టడంతో అరవై చిప్పలే ఏరారు, పదిహేను రకాలు వచ్చాయి. ఇప్పుడు కింది నాలుగు వందల్లోంచి కళ్లు మూసుకుని అరవై తీయండి. మళ్లీ కలిపి మళ్లీ తీయండి. చాలాసార్లు తీసి సగటు చూడండి. ఏ ఇరవై రెండు రకాలో వస్తాయనుకుందాం. అప్పుడు సరైన పోలిక ఇరవై రెండుకూ పదిహేనుకూ మధ్య. నలభైకీ పదిహేనుకూ మధ్య కాదు. నష్టం నిజమే, కానీ మీరు భయపడినంత కాదు. ఈ పద్ధతిని 1968లో సముద్రపు అడుగు జీవుల కోసం హోవార్డ్ శాండర్స్ ప్రచారంలోకి తెచ్చాడు. ఇప్పుడు కంప్యూటర్ రెప్పపాటులో చేసేస్తుంది. మా విద్యార్థులతో మాత్రం ఒకసారి చేత్తో, చింతగింజలతో చేయిస్తాను. చేత్తో చేయనిదే చాలామందికి మెదడుకెక్కదు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. దుద్దుకూరు వైపు లావా కింద పొరలో టరిటెల్లా అనే పొడవాటి మరశంఖాలు పోగై ఉన్నాయి. లావాల మధ్య పొరలోనేమో ఆల్చిప్పలెక్కువ. ఒకటి సముద్రపు ఇసుక, ఇంకోటి ఉప్పునీళ్లూ మంచినీళ్లూ కలిసే కయ్య లాంటి చోటు. ఇల్లు మారితే కాపురముండేవాళ్లు మారరా? దాన్నంతా ప్రళయం ఖాతాలో వేస్తే తప్పు. నా మాట అడిగితే, హద్దు మీద వచ్చే వాదాల్లో సగం ఈ తేడా చూడకపోవడం వల్లే పుడతాయి.

మూడోది, రకాల సంఖ్య ఒక్కటే చూడకండి. పదిహేను రకాలుండి అరవైలో నలభై ఐదు ఒకే జాతివైతే ఆ సముద్రం కోలుకోలేదన్నమాట.

ఒక శిలాజం కనిపించడం ఎక్కడ ఆగిందో అక్కడే ఆ జాతి అంతరించినట్టా?

అరుదుగా మాత్రమే. మీ వీధిలోకి పాలు పోసే ఆయన రోజూ వస్తాడు, గాజులమ్మే ఆమె ఆరునెలలకొకసారి వస్తుంది. ఇద్దరూ ఒకే రోజు ఊరొదిలి పోయారనుకోండి. పాలాయన ఆఖరిసారి వచ్చింది నిన్ననే అని చెప్తారు. గాజులామె? నాలుగు నెలల కిందట అంటారు. అరుదైన శిలాజాలదీ అదే కథ. అవి హద్దుకు చాలా కింద నుంచే ఒక్కొక్కటిగా మాయమైనట్టు కనిపిస్తాయి. ఫిలిప్ సిగ్నర్, జెరె లిప్స్ 1982లో ఈ సంగతి వివరించారు.

స్పెయిన్‌లో జుమాయా తీరాన పీటర్ వార్డ్ అనే శాస్త్రవేత్త అమ్మోనైట్లను, అంటే చక్రంలా చుట్టుకున్న గుల్లల పాతకాలపు సముద్రజీవుల్ని, వెతికితే, అవి హద్దుకు పది మీటర్ల కిందే ఆగిపోయినట్టు కనిపించింది. అంటే ఉల్క పడకముందే పోయాయా? ఆయన ఊరుకోలేదు. ఇంకా వెతికాడు, పక్క తీరాలు కూడా చూశాడు. చివరికి హద్దుకు అతి దగ్గరలో దొరికాయి. రాయి మారలేదు, ఓపిక మారింది.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. కొన్ని ప్రజాతులు హద్దు దగ్గర పోయినట్టే పోయి, చాలా పైపొరల్లో మళ్లీ కనిపిస్తాయి. ఎక్కడో దాక్కుని బతికినవన్నమాట.

ఆల్చిప్పలు చెక్కుచెదరకుండా దొరుకుతాయి, శంఖాలు దొరికితే లోపల బోలు. ఎందుకు?

ఆల్చిప్ప గుల్ల ఎక్కువగా కాల్సైట్. శంఖాలు, అమ్మోనైట్లు, చాలా రకాల రెండు చిప్పల జీవుల గుల్ల ఆరగొనైట్. రెండూ సున్నమే, అణువుల అమరిక వేరు. ఆరగొనైట్ తొందరగా కరిగిపోతుంది. గుల్ల కరిగాక రాతిలో దాని అచ్చు మాత్రం మిగులుతుంది. దాంట్లో మెత్తటి రబ్బరు పోసి తీస్తే ఆరు కోట్ల ఏళ్ల కిందటి శంఖం మీద సన్నటి చారలు కూడా లేచి వస్తాయి. మొదటిసారి అలా తీసినప్పుడు నాకు మా అమ్మ సంక్రాంతికి అచ్చుల్లోంచి చక్కెర చిలకలు తీయడం గుర్తొచ్చింది.

లెక్క వేసేటప్పుడు ఇదీ గుర్తుండాలి. గుల్లలు కరిగిన పొరలో ఆల్చిప్పలే రాజ్యమేలినట్టు కనిపిస్తుంది.

పూజలో పెట్టే సాలగ్రామం శిలాజమేనా?

అవును. నేపాల్‌లో ముక్తినాథ్ కింద పారే కాళీగండకి నది ఒడ్డున దొరికే నల్లరాళ్లలోని చక్రం అమ్మోనైట్ గుల్ల అచ్చే. హిమాలయం లేవకముందు అక్కడ సముద్రం. ఆ రాళ్లు ఎక్కువగా జురాసిక్ కాలానివి. పూజించేవాళ్లు పూజించండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లోనూ ఒకటుంది, నేను చదువు చెప్పేది దాని పక్కన కూర్చునే.

అమ్మోనైట్లు కోట్ల ఏళ్లు సముద్రాలేలి క్రెటేషియస్ చివర పోయాయి. వాటి దూరపు బంధువు నాటిలస్ ఇప్పటికీ బతికి ఉంది. అరియలూరు దగ్గర నినియూరు పొరలు హద్దు దాటిన తర్వాతివి. వాటిల్లో అమ్మోనైట్ లేదు, హెర్కోగ్లోసా అనే నాటిలస్ జాతి చుట్టం ఉంది. ఎందుకిలా? అమ్మోనైట్ పిల్లలు మిల్లీమీటరు మాత్రమే ఉండేవి, పైనీళ్లలో పాచితో తేలుతూ ఆ పాచినే తినేవి అనుకుంటారు. ఆకాశం మసకబారి పాచి చచ్చేసరికి వాటికి తిండి లేదు. నాటిలస్ పెద్ద గుడ్డు పెడుతుంది. పిల్ల రెండు సెంటీమీటర్లకు పైగా ఉండి పుడుతుంది, లోతు నీళ్లలో దొరికింది తింటుంది. పెద్దగా పుట్టడం ఒక్కటే కారణమని నేననను, కానీ ఇప్పటిదాకా విన్నవాటిలో నాకు నచ్చింది ఇదే.

ఇంతకన్నా పెద్ద ప్రళయం ఇంకోటి ఉందంటారు?

ఉంది. పెర్మియన్, ట్రయాసిక్ కాలాల మధ్య, సుమారు 25.2 కోట్ల ఏళ్ల కిందట. సముద్ర జాతుల్లో ఐదింట నాలుగొంతులో, అంతకన్నా ఎక్కువో పోయాయి. సైబీరియా లావాల వాయువులతో సముద్రం వేడెక్కింది, ప్రాణవాయువు తగ్గింది. దాని ప్రపంచ గుర్తు చైనాలోని మీషాన్‌లో ఉంది. మనవైపు శ్రీనగర్ దగ్గర గుర్యుల్ లోయ ప్రసిద్ధి.

అంతకుముందు సముద్రపు అడుగున బ్రాకియోపాడ్‌లదే పైచేయి. చూడ్డానికి ఆల్చిప్పలాగే ఉంటుంది. తేడా ఇలా పట్టుకోండి: రెండు చిప్పల జీవుల్లో చాలావాటికి రెండు చిప్పలూ ఒకదానికొకటి అద్దంలో బొమ్మలు. బ్రాకియోపాడ్‌లో రెండు చిప్పలూ వేర్వేరు, కానీ ఒక్కో చిప్పను నిలువునా మడిస్తే సగం సగానికి సరిపోతుంది. ఆ హద్దు దాటాక బ్రాకియోపాడ్‌లు మళ్లీ తేరుకోలేదు. రెండు చిప్పల జీవులు పెరిగాయి. వీళ్లు వాళ్లను నెట్టేశారని అందరూ అనుకున్నారు. 1980లో స్టీఫెన్ జే గౌల్డ్, బ్రాడ్‌ఫోర్డ్ కాలోవే లెక్కలు తీసి, నెట్టడమేం లేదు, ప్రళయం ఒకరిని కూల్చింది, ఇంకొకరిని తక్కువ దెబ్బతో వదిలింది, అంతే అన్నారు.

ట్రయాసిక్ మొదట్లో క్లారాయా అనే పలచటి చిప్ప లెక్కలేనంతగా కనిపిస్తుంది. పంట పోయిన చేలో ముందు మొలిచే పిచ్చిమొక్క లాంటిది.

క్రెటేషియస్ తర్వాత అన్ని సముద్రాలూ ఒకేలా కోలుకున్నాయా?

లేదు. అమెరికా గల్ఫ్ తీరంలో కొన్ని చిప్పల వంశాలు ఒక్కసారిగా గుప్పున పెరిగి తగ్గాయి. ఉత్తర యూరప్, ఉత్తర ఆఫ్రికా, పాకిస్తాన్–ఉత్తర భారత తీరాల్లో ఆ ఉబ్బు కనిపించలేదని జబ్లాన్‌స్కీ 1998లో చూపించాడు. కాబట్టి ఒక తీరం కథ చూసి ప్రపంచం కథ చెప్పకండి.

మా బావి తవ్వితే చిప్పలు పడ్డాయి. మీరేమో ఇక్కడ దొరకవన్నారు!

అవి పెన్నా, కుందూ లాంటి ఏటి ఒండ్రులోని మంచినీటి చిప్పలు. లోపల ముత్యపు మెరుపు ఇంకా ఉందా? గోటితో గీకితే పొడి రాలుతోందా? అయితే మొన్నటివే. భూమి లెక్కలో మొన్న అంటే కొన్ని వందల, వేల ఏళ్లని అర్థం.

క్వారీకి వెళ్తే ఏం జాగ్రత్తలు?

ముందు యజమాని అనుమతి. పేలుళ్ల వేళ అడిగి తెలుసుకోవాలి. తలకు హెల్మెట్ ఉండాలి, పై అంచు కింద నిలబడకూడదు. తెచ్చుకునేవి సుత్తి, పాత టూత్‌బ్రష్, జల్లెడ, గుడ్డసంచులు. చిప్ప శుభ్రం చేయడానికి నిమ్మరసం, వెనిగర్, ఆమ్లం ముట్టుకోవద్దు, చిప్పే కరిగిపోతుంది. ఏ పొరలోంచి తీశారో, లావా కింది అంచు నుంచి ఎన్ని సెంటీమీటర్లో అక్కడికక్కడే చీటీ రాసి సంచిలో వేయాలి. పెన్సిల్‌తో రాయాలి. పెన్ను వద్దు.

మీ దగ్గరున్న చిప్పలు చూడొచ్చా?

ఆదివారం పొద్దున రండి. రెండు ట్రేలున్నాయి. మొదటిది బాగుంటుంది, ఒక్కో గడిలో చీటీ, పొర, లోతు అన్నీ ఉంటాయి. రెండోది గౌరీపట్నం నుంచి రాత్రి బస్సులో తెచ్చింది. చీటీలు జెల్ పెన్నుతో రాశాను. సంచిలో నీళ్లసీసా మూత సరిగ్గా పెట్టలేదు. తెల్లారి కడపలో దిగి విప్పి చూస్తే కాగితాలన్నీ నీలం ముద్ద. చిప్పలకు ఏమీ కాలేదు, నూట పది చిప్పలూ చెక్కుచెదరలేదు. ఒకదానిమీద వేటాడే నత్త తొలిచిన గుండ్రటి రంధ్రం కూడా ఉంది. కానీ ఏది ఏ పొరదో ఇప్పుడు దేవుడికే తెలియాలి. వాటిని పిల్లల చేతికిస్తాను, ఎన్ని రకాలో ఏరమంటాను. మీరూ ఏరొచ్చు. ఏది గడపకు ఏ వైపుదో మాత్రం అడగొద్దు.